మా కారు వణికింది సత్తెమ్మత్త వల్ల కాదు

ఒక్క పగటిపూటలో చెల్లెలి పెళ్లి సంబంధం చెడగొట్టడం, కన్నతండ్రి పరువు నడిరోడ్డు మీద పారబోయడం, నలుగురు మనుషులను కారుతో సహా వాగులో కలపడం. ఈ మూడూ కలిపి చేయాలంటే ఎంత తెలివి ఉండాలో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ తెలివి నా దగ్గర పుష్కలంగా ఉండేది. మూడింటి అంచుదాకా పోయి వెనక్కి వచ్చినవాణ్ణి కనుక ఇప్పుడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని చెప్పగలుగుతున్నాను. మీరు నిక్షేపంగా నవ్వుకోండి. ఆ రోజు ఆ రోడ్డు మీద మాత్రం నేను తప్ప ఎవరూ నవ్వలేదు.

మాది జనగామ. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డప్పుడు, పొద్దు పోక, స్టేషన్ దగ్గర మోటార్లు బాగుచేసే షెడ్డులో పోయి కూర్చునేవాణ్ణి. కూర్చోవడమే సుమా! ఒక్కరోజు కూడా ఎవరూ నా చేతికి పానా ఇచ్చిన పాపాన పోలేదు. అయినా చూసి చూసి నాకు మోటారు విద్య అంతా వచ్చేసిందని నాకు నేనే పట్టా ఇచ్చుకున్నాను. తర్వాత బోరు మోటార్ల దుకాణం పెట్టాను. గిరాకీకి వచ్చినవాళ్లకు మోటారు అమ్మేదానికన్నా, దాని జబ్బుల గురించి చెప్పేదే ఎక్కువ. మా ఇంట్లో మిక్సీ ఆగినా, గోడగడియారం ఆగినా, పక్కింటి ముసలాయనకు దగ్గు ఆగకపోయినా నేను చెవి ఆనించి విని రోగం చెప్పేవాణ్ణి.

ఎనభైల మొదట్లో మా బాపు ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాడు. అదే సమయంలో మా చెల్లె పద్మకు మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి భూపాలపల్లి దిక్కు, మొగుళ్లపల్లిలో బడిపంతులు. అతని తల్లిదండ్రులు మల్లయ్య మామ, సత్తెమ్మత్త ఉండేది మానుకోటలో. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసుకునే ఊరినే మేమంతా మానుకోట అంటాం. అబ్బాయి ముందే వచ్చి పద్మను చూసి సరేనన్నాడు. ఇక పెద్దవాళ్లు వచ్చి ఊ అనాలి. అందులోనూ ఆ ఇంట్లో ఊ అనే అధికారం మొత్తం సత్తెమ్మత్తదే.

"కారు పంపుదాం కొడుకా. బస్సుల వస్తే మర్యాదగ ఉండది" అన్నాడు బాపు.

"కొత్త టైర్లు ఏపిస్త బాపు. పూలపాన్పు మీద తెచ్చినట్టు తెస్త" అన్నాను.

టైర్లు కొన్నాను. దుకాణం వాళ్లు వాటిని రిమ్ములకు ఎక్కించి, "కారు తీస్కరా అన్నా, బిగించి ఇస్తం" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. చక్రాలన్నీ రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చి, నేనే వాకిట్లో కూర్చుని బిగించడం మొదలుపెట్టాను. ముందువైపు ఎడమ చక్రం దగ్గరికి వచ్చేసరికి చుట్టుపక్కల వాళ్లు చూడడానికి వచ్చారు. జనం కనబడితే నాకు నోరు ఆగదు. పాత టైరుకూ కొత్త టైరుకూ తేడా ఏమిటో వాళ్లకు ఉపన్యాసం ఇస్తూ ఇస్తూనే పని ముగించి, చక్రాలకు మెరిసే మూతలు తొడిగి, చేతులు కడుక్కున్నాను. ఉపన్యాసం అద్భుతంగా కుదిరింది.

మర్నాడు పొద్దున్నే నేనూ బాపూ బయలుదేరాం. ఊరు దాటి కాస్త వేగం పెంచగానే స్టీరింగు నా చేతుల్లో సన్నగా వణికింది.

"ఏందిరా, గిట్ల వణుకుతాంది?" అన్నాడు బాపు.

"కొత్త టైరు బాపు. కొత్త చెప్పు కరువదా? రెండు ఊర్లు దాటినంక అదే సర్దుకుంటది."

ఊళ్లు దాటాయి. అది సర్దుకోలేదు. తొర్రూరులో ఆపి, గాలి ఎక్కువైందని అన్ని టైర్లలో కొంచెం తీసేశాను. మరికొంత దూరం పోయాక, తక్కువైందని కొట్టించాను. మానుకోట చేరాక బానెట్ ఎత్తి, ఇంజనులో ప్లగ్గులు విప్పి రుద్దాను. టైర్లు మార్చాక మొదలైన వణుకుకు ప్లగ్గులతో ఏం సంబంధమని మీరు అడుగుతారు. మీరు నా షెడ్డులో కూర్చోలేదు కాబట్టి అడుగుతారు.

మల్లయ్య మామ సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. సత్తెమ్మత్త నిండుగా, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఎకరాల కొద్దీ వ్యవసాయం తానే చేయించేదట. ఆమె గడపలో నిలబడితే వెనకాల ఇల్లు కనబడలేదు. వెనక సీటులో ఎడమవైపు కూర్చుని, ఆకువక్కల సంచి ఒళ్లో పెట్టుకుని, "పోనియ్యి బిడ్డా" అంది.

పోనిచ్చాను. వణుకు ఇంతకుముందు స్టీరింగులోనే ఉండేది, ఇప్పుడు కారంతా పాకింది. అద్దాలు గలగలమన్నాయి. తలుపులు టకటకమన్నాయి. ఆమె ఒళ్లోని సంచిలో సున్నం డబ్బా ఎవరో లోపలినుంచి తలుపు కొడుతున్నట్టు చప్పుడు చేసింది. సరిగ్గా అప్పుడే మా బాపు వెనక్కి తిరిగి కూతురి గుణగణాలు చెప్పడం మొదలుపెట్టాడు.

"మా ప-ప-పద్మ చా-చా-చానా నె-నెమ్మది అక్కా. వం-వంట కూడ మం-మంచిగ..."

సత్తెమ్మత్త కాసేపు విని, కనుబొమలు ముడిచింది. "అన్నా, ఏమనుకోకు. మీ వంశంల నత్తి ఉన్నదా?"

బాపు మొహం పాలిపోయింది. "లే-లే-లేదక్కా!"

"గిదేంది మరి?"

"కా-కా-కారు..."

బాపు నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. ఇంకో రెండు మాటలు అలాగే సాగితే సంబంధం నత్తి దగ్గరే ఆగిపోతుంది. వెంటనే కారు పక్కకు ఆపాను. నా బుర్రలో మెరుపు మెరిసింది. కారులో మనుషుల బరువు ఒక దిక్కుకు ఎక్కువై ఉంటుంది! ఒక్కొక్కర్నీ దింపి, కారు కొంచెం దూరం నడిపి చూస్తే ఎవరి దగ్గర తేడా ఉందో తేలిపోతుంది. ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి.

"బాపు, జర నువ్వు దిగు."

బాపు దిగాడు. కొంత దూరం తోలి, తిప్పుకొచ్చాను. వణికింది. "మామా, ఇప్పుడు మీరు దిగుండ్రి." మల్లయ్య మామ దిగి బాపు పక్కన నిలబడ్డాడు. తోలాను. వణికింది.

నేనిక సత్తెమ్మత్త వైపు తిరిగాను. దూరంనుంచి బాపు రెండు చేతులూ ఊపుతూ వద్దురా, వద్దురా అంటున్నాడు. మీలో ఎవరికైనా ఆ చేతులు కనబడితే ఆగిపోయేవారు. నేను పరిశోధనలో ఉన్నాను.

"అత్తమ్మా, మీరు కూడ ఒక్క నిమిషం..."

"నేనా?"

"ఉట్టిగనే. చూద్దామని."

ఆమె తలుపు పట్టుకుని మెల్లగా దిగి, రోడ్డు పక్క వాననీళ్లు పోయే మోరీ గోడ మీద కూర్చుంది. నేను ఒక్కణ్ణే కారు నడిపాను. అప్పుడే ఎదురుగా బర్రెల మంద వచ్చింది. వాటి మధ్యలోంచి నత్తలా పాకుతూ పోయి, అలాగే పాకుతూ వెనక్కి వచ్చాను. ఆ వేగానికి ఏ కారూ వణకదు. ఆ చిన్న సంగతి నా శాస్త్రానికి తట్టలేదు. కారు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డంతా వినబడేలా కేక పెట్టాను.

"దొరికింది బాపు! రోగం దొరికింది! అత్తమ్మ దిగంగనే వణుకు బందయింది!"

బర్రెలు కూడా ఒక్కసారి ఆగి చూసినట్టు అనిపించింది. బాపు కళ్లు మూసుకున్నాడు. మల్లయ్య మామ భుజం మీది తువ్వాల తీసి అవసరం లేకపోయినా మొహం తుడుచుకున్నాడు.

సత్తెమ్మత్త నిదానంగా అడిగింది. "అంటే ఏందిరా పిలగా? నా బరువుకు నీ కారు వణుకుతాంది, అంతేనా?"

"అట్ల కాదత్తమ్మా... జర మీరు నడుమల కూసుంటే, బరువు రెండు దిక్కుల సమానంగ..."

"సుదర్శనం, నోరు ముయ్యి!" అన్నాడు బాపు. నా పేరు పూర్తిగా పిలిచాడంటే నేను ఇంట్లోంచి వెళ్లిపోవాల్సిన సమయం వచ్చిందని అర్థం.

"పిలగాన్ని ఆపకు అన్నా" అంది సత్తెమ్మత్త. "నా ముచ్చట కూడ వినుండ్రి. నేను ఈడ కూసోని, ఈ పిలగాడు బండి తోలుకపోతాంటే చూసిన. ఆ ఎడమ దిక్కు ముందటి చక్రం తాగినోని లెక్క ఊగుతాంది."

నేను జాలిగా నవ్వాను. అవును, నవ్వాను. "కొత్త టైరు మెరుపుకు కంటికి అట్ల కొడుతది అత్తమ్మా."

"కంటికి కొట్టనియ్యి, నెత్తికి కొట్టనియ్యి. ఆ చక్రం చూసేదాక నేను ఈ బండి ఎక్క. మా ఆయన్ని ఎక్కనియ్య. మీ బాపును కూడ ఎక్కనియ్య."

"కొడుకా, చూడరాదు" అన్నాడు మల్లయ్య మామ బతిమాలుతున్నట్టు.

సరే, ఆడవాళ్ల తృప్తి కోసం చూపిద్దామని స్క్రూడ్రైవరు తీసుకుని, చక్రం మూతను దర్జాగా పైకి లేపాను. మూత ఊడింది. దానితోపాటే నట్లు కూడా జలజలా రాలి, రోడ్డు మీద దొర్లుకుంటూ పోయి సత్తెమ్మత్త కాళ్ల దగ్గర ఆగాయి. చక్రానికి ఇంకా ఒక్కటే నట్టు మిగిలి ఉంది. అది కూడా వేలితో ముట్టుకుంటే తిరిగింది.

ఉపన్యాసంలో పడి ఆ చక్రం నట్లను చేత్తో తిప్పి వదిలేశాను. పానాతో బిగించనే లేదు.

తల ఎత్తి చూశాను. కొంచెం ముందే రోడ్డు మలుపు తిరిగి వాగు మీదికి ఎక్కుతుంది. ఆ వంతెనకు పిట్టగోడ లేదు. కింద బండలు. బాపూ అదే చూస్తున్నాడు. నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను.

సత్తెమ్మత్త వంగి, ఒక్కొక్క నట్టూ ఏరి, చీర కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"లే బిడ్డా. గట్టిగ బిగించు. అందరం మంచిగనే ఉన్నం గదా, ఇంకేంది?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. బిగించాను. ఎంత బిగించానంటే, తర్వాత ఆ నట్లు విప్పడానికి ఇద్దరు మనుషులు పానా మీద ఎక్కి నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత జనగామ దాకా కారు నీళ్ల మీద పడవలా పోయింది. బాపు మాటలో నత్తి పోయింది కానీ, ఆయన మాట్లాడితేగా!

ఇంట్లో పద్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. సత్తెమ్మత్త పద్మను పక్కన కూర్చోబెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న వంట గురించి కాదు, చదువు గురించి కాదు.

"బిడ్డా, మీ అన్న కారు ఎప్పుడన్న ఎక్కినవా?"

పద్మ నావైపు ఓరగా చూసింది. "ఎక్కలేదు అత్తమ్మా. మా అన్న చక్రాలు బిగించేటప్పుడు నేను ఈడనే ఉన్న."

సత్తెమ్మత్త పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. మంచం కిర్రుకిర్రుమంది. నవ్వు ఆపుకుని బాపు వైపు తిరిగింది.

"అన్నా, పిల్లకు తెలివి ఉన్నది. నాకు నచ్చింది. కానీ ఒక్క షరతు."

బాపు చేతిలో చాయ్ గ్లాసు గాలిలోనే ఉండిపోయింది.

"పెండ్లి అయినంక పిల్లను మా ఇంటికి పంపేటప్పుడు బస్సుల పంపుండ్రి. లేకుంటే ఎడ్లబండి కట్టుండ్రి. ఈ పిలగాని కారుల మాత్రం వద్దు."

అలాగే బస్సులో పంపాం. పద్మ మొగుళ్లపల్లిలో చల్లగా కాపురం చేసుకుంది. పండక్కీ పబ్బానికీ నేను మానుకోట పోతే, సత్తెమ్మత్త నాకు కడుపు పగిలేలా పెట్టి, ఇంకో గరిటె వడ్డిస్తూ, "తిను బిడ్డా, నీ బరువుకు ఏ కారూ వణకది" అనేది. ఆమె ఆ మోరీ గోడ మీద కూర్చోకపోయి ఉంటే, కూర్చున్నా కోపంతో మొహం పక్కకు తిప్పుకుని ఉంటే, ఈ ముచ్చట చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు. నన్ను అంత పెద్దమనసుతో క్షమించిన మనిషిని మళ్లీ చూడలేదు. బతికున్నన్నాళ్లూ ఆమెకు చేతులెత్తి మొక్కుతాను.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట లేచి నిలబడి, గుండె మీద చేయి వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కారు వణికినా, ఊగినా, గంతులు వేసినా, నేను ముందుగా దింపే మనిషిని నేనే. ఆడవాళ్ల బరువు గురించి ఈ నోట ఒక్క మాట కూడా రాదు. మా ఆవిడ ఇప్పుడే పక్కనుంచి, "నేను లావయిన్నా ఏందయ్యా?" అని అడుగుతోంది. నేను ఏమీ వినలేదు.