సముద్రానికి లాక్టోమీటర్ పెట్టిన రోజు

1964, మే నెల. అప్పుడు నేను కరీంనగర్‌లో పాల తనిఖీ ఇన్‌స్పెక్టర్‌ని. ఆ ఏటి ఎండ సంగతి చెబితే మీరు నమ్మరు. మానేరు ఇసుకలో పడుకున్న బర్రె లేచి వెళ్ళిపోయినా, దాని నీడ మాత్రం ఇసుకకు అంటుకుని అక్కడే ఉండిపోయింది.

నా ఆయుధం లాక్టోమీటర్. కింద బరువున్న బుడ్డి, పైన గీతలున్న సన్నని కాడ, అంతా గాజే. పాలలో వేస్తే తేలుతుంది. పాలు చిక్కనైతే కాడ పైకి లేస్తుంది, నీళ్ళు కలిస్తే కిందికి దిగుతుంది. అది నా సంచిలోంచి తల బయటపెడితే చాలు, బజారులో సగం బిందెలు వాటంతట అవే బోర్లాపడేవి.

ఒక మధ్యాహ్నం బీడీ ఆకు కాంట్రాక్టరు నర్సయ్య మా ఆఫీసుకు వచ్చాడు. గోదాములో ఆకంతా వానకు తడిసినా చుట్ట ఆర్పని మనిషి. ఆ రోజు అతని చేతిలో చుట్టే లేదు.

"సాబ్, జర మీ పాలబుడ్డి తీస్కొని మా ఇంటికి రావాలె."

"ఏంది, మీ ఇంట్ల పాలల్ల నీళ్ళు గలుస్తున్నయా?"

"పాలు గాదు సాబ్. సముద్రం."

వెళ్ళి చూస్తే నిజమే. నట్టింట్లో గాజుతొట్టి, పెళ్ళికొడుకు కాళ్ళు చాపుకుని పడుకోగలిగేంత. అందులో బొంబాయిలో ఆకు దించి తిరిగొచ్చే లారీలో, డ్రమ్ములకెత్తి తెచ్చిన సముద్రపు నీళ్ళు. బుడగలు ఊదే చిన్న మోటారు ఒకటి. చేపలు రెండు కొన్నాడు, ఒకటి అంతకు ముందే చచ్చిపోయింది. మిగిలింది నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న వేలెడు చేప. మూలన నిలబడి, నీళ్ళు మింగలేక కక్కలేక ఉన్నట్టుంది.

"నాలుగొద్దులాయె, మేత ముడ్తలేదు. పొద్దుగాల లేస్తే దీని మొహమే జూస్త సాబ్. గిది సుత పోతే ఇగ ఇంట్ల నాకెవలున్నరు?"

వంటింట్లోంచి అతని భార్య రాజవ్వ గొంతు వచ్చింది. "నేనున్న. ఆకుకట్ట అనుకున్నవా?"

చేపలమ్మినవాడు చెప్పింది ఒకటే మాటట: ఉప్పు కొలిచే గాజుకాడ మీద ఇరవై అయిదు ఉండాలి. వాడిచ్చిన గాజు దారిలోనే పగిలింది. సముద్రపు నీటి చిక్కదనం పాల చిక్కదనానికి దగ్గర్లోనే ఉంటుంది కనుక నా బుడ్డి ఇక్కడా పనికొస్తుంది. గొట్టంలాంటి ఎత్తయిన ఇత్తడి గ్లాసు నిండా తొట్టి నీళ్ళు ముంచి, లాక్టోమీటర్ వేసి, బుడగలు అంటుకోకుండా కాడను ఒకసారి తిప్పి వదిలాను. పాలలో అయితే కాడ చుట్టూ లేచిన అంచు పైన చదువుతాం. నీళ్ళు పారదర్శకం గనుక అంచు కిందుగా, మట్టానికి చదవాలి. చదివాను. సరిగ్గా ఇరవై అయిదు.

నర్సయ్య ఉబ్బిపోయాడు. "జూసిండ్రా, గీత తప్పలే. మరి ఇగ దీనికి రోగమేంది?"

నాకు వేలికి తగిలిన వెచ్చదనం నచ్చలేదు. థర్మామీటర్ పెడితే ఎనభై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలు. నా లాక్టోమీటర్ మీద గీతలు గీసింది అరవై డిగ్రీల లెక్కకు. నీళ్ళు వెచ్చనైతే పలచబడతాయి, కాడ ఎక్కువ మునుగుతుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

"గాజు అబద్ధమాడుతదా సాబ్?" అన్నాడు నర్సయ్య, నొచ్చుకుని.

"ఆడదు. చలికాలం అనుకొని చెప్తది."

సోడా దుకాణం నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు తెప్పించి, బకెట్‌లో పోసి, గ్లాసును అందులో నిలబెట్టాను. నర్సయ్య ఒక ముక్క తీసి గ్లాసులోనే వేయబోతే మణికట్టు పట్టుకున్నాను.

"లోపలేస్తే ఐసు కరిగి ఉప్పు పల్చనైతది. బయటి నుంచే సల్లగ గావాలె."

కలుపుతూ కూర్చున్నాం. నీళ్ళు చల్లబడే కొద్దీ కాడ పైకి రాసాగింది, బావిలో దాక్కున్న దొంగ మెల్లగా తల ఎత్తినట్టు. నీళ్ళు అరవై డిగ్రీలకు దిగాక కాడ మీద గీత చదివాను. ముప్పై. ఉప్పు అయిదు గీతలు ఎక్కువ. నర్సయ్య మొహం ఆకు రంగుకు తిరిగింది.

"ఎండకు నీళ్ళు తగ్గితే ఏం పోస్తున్నవ్?" అని అడిగాను.

"డ్రమ్ముల మిగిలిన సముద్రమే పోస్తున్న. సముద్రపు చేప గద."

రాజవ్వ గడపలోకి వచ్చింది. "పులుసు మరిగి చిక్కవడితే నీళ్ళు పోస్తరా, ఉప్పేస్తరా? వంటింట్ల కాలువెడితే తెలుస్తుండె."

అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. దాని మీద మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే రోజురోజుకూ చిక్కబడుతుంది. కాచి చల్లార్చిన మంచినీళ్ళు పోయమన్నాను. నర్సయ్య బిందె ఎత్తుకొచ్చాడు. మళ్ళీ మణికట్టు పట్టుకోవలసి వచ్చింది. ఒక్కసారే పలచన చేస్తే ఆ దెబ్బకే చేప పోతుంది. కొంత తొట్టి నీళ్ళు తీసి, అంత మంచినీళ్ళు పోసి, రోజుకొక గీత చొప్పున దించాలి. అతను దించాడు. రోజూ గ్లాసు ఐసులో పెట్టి నేనే చదివాను. కాడ ఇరవై ఆరుకు వచ్చిన రోజు చేప మూల వదిలి, రొయ్య ముక్కను లాక్కుపోయింది. అది సొరచేప వేట కంటే భయంకరంగా ఉంది. నర్సయ్య చుట్ట వెలిగించాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఏ అంకె చూసినా, దాన్ని ఎంత వేడి మీద చదివారో ముందు అడగాలి. అప్పటినుంచీ నా సంచిలోంచి మొదట థర్మామీటర్, ఆ తర్వాతే లాక్టోమీటర్ బయటికి వచ్చేవి. ఇప్పుడు ఆ ఇంట్లో కూర్చుని నేను ఏ ముచ్చట మొదలుపెట్టినా రాజవ్వ చాయ్ ఇచ్చి అంటుంది: "సారూ, జర ఐసుల వెట్టి చెప్పుండి."