సైటులో ఉన్న పుస్తకం

మురళీమోహన్ గారు దేవరకొండ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్. బీరువాల వైపు పోయేది తక్కువ. పొద్దున రాగానే కంప్యూటరు ముందు కూర్చుని, తాను చేయించిన లైబ్రరీ వెబ్‌సైటును అద్దంలో మొహం చూసుకున్నట్టు చూసుకుంటారు. ఒకరోజు పాత విద్యార్థిని అతియా తిరుమలగిరి నుంచి బస్సులు మారి వచ్చింది. వారంలో ఆమెకు ఉద్యోగ పరీక్ష; దానికి కావలసిన పుస్తకం పేరు కాగితం మీద రాసుకొచ్చింది.

“సార్, గీ పుస్తకం ఉన్నదని సైట్ల జూసి వచ్చిన. బీరువాల లేదు.”

ఆయన తెర మీద వేలు పెట్టారు. “ఉన్నదమ్మా. పచ్చరంగుల ‘ఉన్నది’ అని కనవడ్తలేదా?”

“గా కంప్యూటర్ల ఉంటే నేనెట్ల సదవాలె సార్?”

“గది తర్వాత సూద్దాం. ముందుగాల మా సైటు ఎట్లున్నదో జర రాసిపో.”

‘సైటు మస్తుగున్నది, పుస్తకమే లేదు’ అని రాసి, అతియా ఖాళీ చేతులతో బస్టాండుకు నడిచింది. సాయంత్రానికల్లా ఆ మాటల్లో మొదటి సగం, ఆమె పేరుతో సహా, వెబ్‌సైటు మొదటి పేజీకి ఎక్కింది.