పదిహేడు అంశాల దూలం

ఆ రోజుల్లో, అంటే ఇంజనీరింగు పట్టా చేతికొచ్చిన కొత్తలో, వరుస అంకెలు వేసి కాగితం మీద రాస్తే తేలని పని లోకంలో లేదని నమ్మేవాడిని. పళ్లు తోముకోవడానికి కూడా నా దగ్గర జాబితా ఉండేది (నాలుగు అంశాలు). సరిగ్గా అప్పుడే ఉప్పళంలో మా మేనత్త ఇంటి నడిమి దూలం కిందికి వంగింది. దాని పైగదిలోనే అత్త కుట్టుక్లాసు: ఎనిమిది మిషన్లు, పదిమంది ఆడపిల్లలు. చూడ్డానికి వచ్చిన మేస్త్రీ దూలం తీసేసి కాంక్రీటు పోయాలన్నాడు, ఆర్నెల్లు పైగది మూయాలన్నాడు. ఆర్నెల్లు మూస్తే పిల్లలు ఇంకో క్లాసుకు పోతారనీ, పోయినవాళ్లు మళ్లీ రారనీ అత్త రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నేను అభయమిచ్చాను. టేకు దూలానికి రెండు పక్కలా ఉక్కు పలకలు ఆనించి బోల్టులతో బిగిస్తే చాలన్నాను. వంగకుండా నిలవడంలో ఉక్కు కట్టెకన్నా ఇరవై రెట్లు మొండిది కాబట్టి, అంగుళం మందం ఉక్కు ఇరవై అంగుళాల కట్టెతో సమానం. మూడు రోజులు లెక్కలు కట్టి పదిహేడు అంశాల జాబితా రాశాను (పన్నెండోది: నాలుగింటికి టీ). తమిళ బడిలో చదివి తెలుగు చదవడం రాని అత్త ఆ కాగితానికి కుంకుమ పెట్టి దేవుడి దగ్గర ఉంచింది.

పనికి వచ్చిన ముసలి వడ్రంగిని వీధంతా ఆశారి తాత అనేవారు. పలకలు సిద్ధం, బోల్టులు చాప మీద వరుసగా ఉన్నాయి. తాత దూలాన్ని కాసేపు చూసి నెమ్మదిగా అడిగాడు.

"తంబీ, బరువంతా ఇప్పుడే ఈ కట్టె మోస్తా ఉండాది. నీ ఇనుము పక్కన నిలబడి వేడుక చూస్తాదా?"

నేను ఓపిగ్గా ఇరవై రెట్ల సంగతి వివరించాను.

"కాదనలేదు. కానీ బరువు దాని మీదికి రావాల గదా."

నోటుపుస్తకం తీసుకుని పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చున్నాను. ఉక్కు ఎంత మోయగలదో ప్రతి పేజీలోనూ ఉంది, దాని మీదికి బరువు ఎలా వస్తుందో ఎక్కడా లేదు. వంగిన దూలానికి వంగినట్టే పలకలు బిగిస్తే పాత బరువంతా కట్టెదే, ఇకమీదట వచ్చే బరువులోనే ఉక్కుకు వాటా. ముందు పైగది ఖాళీ చేసి, దూలాన్ని కిందినుంచి ఎత్తిపట్టి, అప్పుడు బిగించాలి. లోపలికి వచ్చి ఆ మాటే చెబితే తాత వాకిలి వైపు చూపించాడు. సవుకు కర్ర గుంజలు, లారీ జాకీ పొద్దుననే దించి పెట్టాడట. నేనే అడుగుతానని చూశాడట. జాబితాలో ఒకటో అంశం పైన సున్నా వేసి 'బరువు దించు' అని రాశాను.

పలకలు బిగించి గుంజలు తీసేశాక పరీక్ష. మిషన్లు పైకెక్కాయి. ఒక్కొక్కరి బరువు చెప్పమని పిల్లల్ని అడిగాను. "ఆడబిడ్డల బరువు అడిగేదానికా ఏంరా నువ్వు చదివింది?" అంది అత్త. సరేనని తలకు డెబ్బై కిలోలు వేసుకున్నాను (దీనికి ఇంకా ఎక్కువ కోపాలు వచ్చాయి). వాళ్లు పైకి వెళ్తుంటే నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. తాత మాత్రం సరిగ్గా దూలం కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"యాడ నిలబడుకోనుండావు? లెక్క నీదే గదా, రా."

వెళ్లి పక్కన కూర్చున్నాను. పైన ఎనిమిది మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. దూలం పక్కన గోడకూ గోడకూ కట్టిన దారం దగ్గర స్కేలు పెట్టి చూస్తే, రెండు మిల్లీమీటర్లు దిగి అక్కడే ఆగింది. నా లెక్కలో మూడు.

'పదిమందికి మించరాదు' అని నేను రాయించిన బోర్డుకు అత్త ఇప్పుడు కొలత టేపులు తగిలిస్తోంది. మొన్న వెళ్తే పైన పన్నెండుమంది ఉన్నారు. మెట్ల మీదే లెక్క కట్టుకున్నాను: పిల్లల అసలు బరువు యాభై దాటదు గనక, ఆ రోజు అందరికీ కోపం తెప్పించిన డెబ్బైలో ఇంకో ఇద్దరికి చోటు మిగిలే ఉంది. కిందికి దిగి, స్టూలు దూలం కిందికి జరుపుకుని, జాబితాలో లేని కాఫీ తాగాను.