నిండు బెల్టు ఆగినప్పుడు

గేర్‌బాక్స్ మూత తీయగానే వేడి నూనె వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. షెడ్డులో వాళ్లు మేడంకు నూనె పడదనుకుంటారు. అనుకోనీ. అది మా ఖాదర్ సార్ చొక్కా వాసన. కరీంనగర్‌లో బరువు లాగే యంత్రాలకు గేర్‌బాక్సులు గీసే పని నాకు నేర్పింది ఆయనే.

నేను గీసిన మొదటిది గనిలోంచి బొగ్గును పైకి తెచ్చే ఏటవాలు బెల్టు కోసం. మోటారు వేగం తగ్గించి బలం పెంచే పళ్ల చక్రాలన్నీ లెక్కకు కుదిరాయని మురిసిపోతున్నాను. సార్ కాగితం చూసి, "బెల్టు నిండ బొగ్గున్నది. కరెంటు పోయింది. గప్పుడేమైతది బిడ్డా?" అన్నారు.

"ఆగుతది సార్."

"ఆగుతదా? రా, జర చూపిస్త."

కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకూ ఆయన చేసేది అదే. ఆపే కొక్కెం తీసేసిన, బరువులెత్తే చేతి వించ్‌కు ఇనుప చక్రం వేలాడదీసి, హ్యాండిల్ మన చేతికిచ్చి, తీరిగ్గా ముచ్చట మొదలుపెట్టేవారు. "మా అబ్బా, అంటే మా నాయిన, గనిల పనిచేసేటోడు. బొగ్గు టబ్బులను తాడుతోని పైకి లాగే మిషన్ పట్టు తప్పింది. నిండు టబ్బులు ఎనుకకు జారినయి. కింద అబ్బా ఉన్నడు. ఇంటికి రాలే." నా చేతులు పీకుతున్నాయి. వదిలితే చక్రం కింద పడుతుంది. "నొస్తున్నయా? గా నొప్పి నీ లెక్కల ఉండాలె" అని, అప్పుడుగానీ హ్యాండిల్ అందుకోలేదు.

బెల్టు వెనక్కి జారకుండా పట్టే బ్యాక్‌స్టాప్ లేని గేర్‌బాక్స్‌ను ఆయన ఏనాడూ గీయలేదు. చివరిది ఒక పాత గని బెల్టుకు గీసి ఆసుపత్రిలో చేరారు. షెడ్డు యజమాని నన్ను పిలిచి, "గా గని ఇంకెన్ని దినాలుంటదమ్మా? ఖర్చు దండుగ. బ్యాక్‌స్టాప్ తీసేయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "తీస్తే కాగితం మీద నా సంతకం ఉండదు సేట్" అన్నాను. సణిగి, సణిగి ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే, సార్ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "ఉన్నదా?" అని అడిగారు.

"ఉన్నది సార్."

నా చేయి తట్టారు. మళ్లీ ఆయన గొంతు వినలేదు.

బెల్లంపల్లి వైపున్న ఆ గనిలో గేర్‌బాక్స్ బిగించేనాటికి సార్ పోయారు. నేను అక్కడున్న రోజే, నిండు బెల్టు నడుస్తుండగా కరెంటు పోయింది. టోపీ దీపాల వెలుగులో బెల్టు రవ్వంత వెనక్కి కదిలి, నిలబడిపోయింది. దిగువన రాలిన బొగ్గు ఎత్తుతున్న మనిషి పార ఆపి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, "ఏమైంది మేడం?" అని కేకేశాడు.

"ఏం కాలే అన్నా" అన్నాను. సార్‌కు చెబుదామని పక్కకు తిరిగాను. ఎవరూ లేరు.

ఇప్పటికీ ఇంట్లో కరెంటు పోతే, కొవ్వొత్తి వెతికేలోపే నా పిడికిళ్లు ఆ వించ్ హ్యాండిల్ పట్టుకున్నట్టే బిగుసుకుంటాయి.