శాలువాలో చిటపటలు

మొన్న నేను చేసిన పని వింటే మీరు నాతో చేయి కలపడానికి కూడా జంకుతారు. మా కాలేజీకి జడ్జిగా వచ్చిన సార్‌కి అందరూ చూస్తుండగా చెవి మీద షాక్ కొట్టించాను. చేతిలో తీగ లేదు, స్విచ్చు లేదు. ఉన్నదల్లా ఒక శాలువా.

యూనివర్సిటీ డిబేట్ టీంలో ఒక్క సీటు ఖాళీ. దానికి సెలక్షన్ హనుమకొండలో మా కాలేజీలోనే. ఆ సీటు కోసం అద్దంతో, అమ్మతో, ఆటోవాళ్లతో వాదించి గొంతు అరగదీసుకున్నదాన్ని నేను. జడ్జి గారు రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్.

జనవరి పొద్దు. పెదాలు పగిలే పొడి చలి. నైలాన్ చీర మీద ఉన్ని స్వెటర్ వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో అటూ ఇటూ జరుగుతూ స్పీచ్ నెమరేసుకుంటున్నాను. కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో దుమ్ము కణాలు ఏ తొందరా లేకుండా తేలుతున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ నేను ఎప్పుడో గెలిచేశాను, కప్పు కూడా అందుకున్నాను.

"అక్కా, కలలు ఆపి లే. సార్‌కు శాలువా నువ్వే కప్పాలె." జూనియర్ మెర్సీ భుజం తట్టింది.

"నేనా? శాలువాలొద్దు, పుస్తకమియ్యాలె అని మీటింగ్‌ల మొత్తుకున్నది నేనే గద."

"అందుకే నీకిచ్చిన్రు."

మెరిసే పాలిస్టర్ శాలువా. లాగితే కవర్‌ను వదలదు. కవర్‌ను వదిలాక నా చీరకు అతుక్కుంది. గుంజితే నువ్వులు వేగినట్టు చిటపటమంది. సార్ పొడగరి. శాలువా ఆయన తలను రాసుకుంటూ భుజాల మీదికి జారింది.

బట్టతలకు అడ్డంగా పొందిగ్గా దువ్వుకున్న తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటే లేచాయి. చెరువు అడుగున నాచు ఊగినట్టు, నెమ్మదిగా, ఒకదానికొకటి తగలకుండా. ఎండ పడి వెండిలా మెరిశాయి. చప్పట్లు కొట్టాలనీ ఫొటోకు నవ్వాలనీ మర్చిపోయి అలా చూస్తూ నిలబడిపోయాను. హాల్లో నవ్వులు మొదలయ్యాక, పెద్దాయన పరువు పోతోందని వెంట్రుకలు అణచబోయాను. వేలు చెవికి తగిలి టప్‌మంది. సార్ ఎగిరి మైకు స్టాండు పట్టుకున్నారు.

బుద్ధున్నవాళ్లు సారీ చెప్తారు. నేను మైకు తీసుకున్నాను.

"సార్, ఇందులో నా తప్పు లేదు. ఇది ఎలక్ట్రాన్లు చేసిన పని."

సార్ చెవి రుద్దుకుంటూ, "అట్లనా బిడ్డా. మరి అవి శాలువా నుంచి నా తలకొచ్చినయా, తల నుంచి శాలువాకు పోయినయా?" అన్నారు.

పదో తరగతి తర్వాత ఫిజిక్స్‌కూ నాకూ మాటల్లేవు. అయినా మొదలుపెట్టాను. ఇవ్వడానికి తెచ్చింది శాలువా కాబట్టి, ఇచ్చింది అదే అన్నాను. సార్ కనుబొమ్మ ఎత్తారు. వెంటనే పక్షం మార్చి, ఇచ్చేవాడు గురువు, పుచ్చుకునేది లోకం కాబట్టి తలే ఇచ్చిందన్నాను. నాలుగు నిమిషాలు, రెండు పక్షాలు, బల్ల గుద్ది మరీ.

"రెండోదే నిజం," అన్నారు సార్. "రాపిడికి నా వెంట్రుకలు ఎలక్ట్రాన్లను శాలువాకిచ్చినయ్. ఇప్పుడు వెంట్రుకలన్నిటిదీ ఒకటే రకం చార్జి. అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటున్నయ్, ఒక్క సీటుకొచ్చిన మీ లెక్క. గాలి పొడిగున్నది, చార్జి జల్ది పోదు. నువ్వు ముట్టుకోంగనే దుమికింది."

అసలు పోటీలో నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు. కళ్లముందు ఆ వెండి వెంట్రుకలే ఊగుతున్నాయి. చివర్లో సార్ లేచి, "విషయం జర గూడ తెల్వకుండ రెండు దిక్కులా గింత ధైర్యంగ వాదించిన పిల్లను నా సర్వీసుల చూడలే. సీటు ఈమెదే," అన్నారు.

మా ఊరు హసన్‌పర్తి దాకా ఆటో నేల మీద నడిచినట్టు లేదు. ఇంటికి వెళ్లి అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తలెత్తలేదు.

"తెల్వకుంట వాదించుడు నీకు పుట్టినప్పటి సంది ఉన్నదే గద. దానికి సెలక్షన్ గూడ పెట్టిన్రా?"