స్టెప్నీకి సీటు

మా ఆయనకు తెలివి ఎక్కువని పెళ్లిచూపుల్లో చెప్పిందెవరో గానీ, ఆ పాత అంబాసిడర్ కారును ఏం చేశాడో చూసి ఉంటే నోరు మూసుకునేవారు. కార్లకు గ్యాస్ కిట్లు పెట్టించే పిచ్చి అందరికీ పట్టిన రోజులవి. ఈయనా పెట్టించాడు. గ్యాస్ ట్యాంకుతో డిక్కీ నిండిపోయి, స్టెప్నీకి చోటు లేకుండా పోయింది. పైన క్యారియర్ వేయించమన్నాను.

"పైన టైరు పెడితే కిరాయి బండి అనుకుంటరు" అన్నాడు.

దొరల దగ్గర కొన్న కారు కదా, పరువు పోతుంది. అందుకని వనపర్తి తీసుకెళ్లి, వెనక సీటు సగం కోయించి, నేలకు ఇనుప చట్రం బిగించి, అందులో టైరును నిలబెట్టించాడు. నన్నడగకుండా నా గద్వాల చీర కొంగు కోసి దానికి తొడుగు కుట్టించాడు. దసరాకు దానికీ పసుపు, కుంకుమ. నాకు చూస్తేనే ఒళ్లు మండేది.

ఆ ఏడే మా అమ్మ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కర్నూలు దవాఖానలో తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. ఇంటికి పంపే రోజు ఈయన కారు కడిగించుకుని దర్జాగా వచ్చాడు. అమ్మ కాలు వంగదు. వెనక సీటు మీద చాపుకుని కూర్చోవాలి. అక్కడ స్టెప్నీ ఉంది.

"రెండు బోల్టులే కదా, విప్పి ముందు సీట్ల పెట్టు" అన్నాను.

"రిమ్ము తగిలి సీటు చినుగుతది. పూజ చేసినంక కదిలియ్యొద్దు గూడ."

అత్త అల్లుడి ఎదుట నోరు విప్పకూడదని మా అమ్మ పట్టింపు. కొంగు నెత్తి మీదికి లాక్కుని నా చెవిలో అంది. "అల్లున్ని ఏమనకు బిడ్డా. బస్సుల పోదాం."

ఆయన మాత్రం వద్దనలేదు. "నేను ఎనకనే వస్త" అన్నాడు. అలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గద్వాల బస్సులో ముగ్గురు లేచి అమ్మకు సీటంతా వదిలేశారు. గుంతలో పడ్డప్పుడల్లా అమ్మ పళ్లు బిగబట్టింది. కండక్టరు టికెట్ కొడుతూ నా వైపు కోపంగా చూశాడు.

"గిసుంటి మనిషిని బస్సుల తీస్కపోతున్నవేందమ్మా? కారు దొరకలేదా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "మాకు కారున్నది నాయనా. మా అల్లుడు ఎనకనే వస్తుండు."

కండక్టరు కిటికీలోంచి వంగి చూశాడు. తెల్ల కారు మెల్లగా వస్తోంది. "మరి అండ్ల ఎవరున్నరు?"

"టైరు" అన్నాను.

కండక్టరు నవ్వలేదు. అమ్మే, అల్లుడి మర్యాద పోతుందని కాబోలు, నొప్పి దిగమింగుకుని నచ్చజెప్పింది.

"కొత్త టైరు నాయనా."