కుడి భుజానికి కరెంటు

పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి వీపు తిప్పి కూర్చునేదాన్ని. మా ఆయన నా కుడి భుజం వెనక తడిగుడ్డతో తుడిచి, రెండు జిగురు బిళ్లలు అతికించేవాడు. వాటి వైర్లను సెల్‌ఫోనంత పెట్టెకు తగిలించి బటన్ నొక్కేవాడు. మొదట చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత లోపలినుంచి ఎవరో సన్నగా తడుతున్నట్టు ఉండేది. కాసేపటికి నొప్పి ఎక్కడికో వెళ్లి తలుపు వేసుకునేది.

"సాలా? ఇంగొంచెం పెంచేదా?" అని అడిగేవాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను "సాలా?" అని అడిగింది ఆ పెట్టె ఇంటికి వచ్చాకే. మా కాపురంలో తీపి రోజులు ఏవని ఎవరైనా అడిగి ఉంటే, పెళ్లయిన కొత్త రోజుల్ని వదిలేసి ఆ పొద్దుల్నే చెప్పి ఉండేదాన్ని. అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మాది ధర్మవరం. పట్టుచీరల ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టి మా ఆయన నేస్తాడు. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు వేరే రంగు అయినప్పుడు కుడి అంచుకు విడిగా, అడ్డపోగు మోసే నాడె ఇంకొకటి నడవాలి. ఆయన తన నాడె విసిరిన ప్రతిసారీ పక్కనున్న మనిషి ఆ అంచు నాడె అందుకుని తిరిగి తోయాలి. చీర మొదలైన దగ్గర్నుంచి కొంగు తెగేదాకా అదే పని. మా ఇంట్లో ఆ పక్క మనిషిని నేను. నాకు ముందు మా అత్త.

"డిగ్రీ చదివిన దానివి, నీకీ కర్మేంది?" అని అడిగే చుట్టాలు ఉన్నారు. డిగ్రీ నా చేతికి అడ్డం రాలేదు, మీ నోటికి ఎందుకు అడ్డమొచ్చింది అని అడిగితే మళ్లీ మాట్లాడేవారు కాదు. నాకు ఆ పని ఇష్టమే. ఇష్టం లేనిదల్లా నొప్పి. మెడ దగ్గర మొదలై భుజం మీదుగా మోచేయి దాకా కాల్చిన తీగ గుచ్చినట్టు ఉండేది. తల దువ్వుకోలేకపోయాను. రవిక హుక్కులు పెట్టుకోలేకపోయాను. బామ్‌లు, నూనెలు, సూదులు అన్నీ అయ్యాక అనంతపురంలో ఒక ఫిజియోథెరపీ డాక్టరు దగ్గరికి వెళ్లాం.

అక్కడ వరసలో నాకంటే వెనక వచ్చినావిడను ముందు పంపించారని కాంపౌండరుతో పోట్లాడాను. గోడ మీద ధరల బోర్డు ఎందుకు లేదని పోట్లాడాను. మా ఆయన తల దించుకుని కూర్చున్నాడు. డాక్టరు నా చెయ్యి ఎత్తించి, తిప్పించి, మోచేతి మీద చిన్న సుత్తితో తట్టి చూశాడు. పక్క గదిలో కాపడం పెట్టించుకోమని నన్ను పంపాడు. మా ఆయన్ని మాత్రం కూర్చోమన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి మా ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు, చేతిలో పెట్టె.

"ఏం చెప్పినాడప్పా?"

"మెడకాడ నరం నలుగుతాండాదంట. ఈ పెట్టె దినామూ పెట్టుకుంటే సాలంట."

"అంతేనా?"

"అంతే మే. ఇంగేముంటాది?"

బస్సు రాప్తాడు దాటేదాకా ఆ పెట్టెను ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఎండకు వేడెక్కుతుందని మీద తువ్వాలు కప్పాడు. ఊళ్లో అందరితో వాదించే దాన్ని, నా మొగుడు చెప్పిన ఆ ఒక్క ముక్కను మాత్రం వాదన లేకుండా మింగేశాను.

పెట్టె పనిచేసింది. ఆ విషయంలో అబద్ధం చెప్పలేను. కరెంటు తడుతున్నంతసేపూ, ఆపాక కూడా కొంతసేపు, నొప్పి తెలిసేది కాదు. కొన్నాళ్లకు పెట్టెను నడుముకు దోపుకుని మగ్గం పక్కన కూర్చోవడం అలవాటైంది. మా వైపు ఎండలకు దారం తెగకుండా గుంతలో నీళ్లు చల్లుతాం. ఎండిపోయిన బిళ్లలకు అదే తడి చెయ్యి రాసి మళ్లీ అతికించుకునేదాన్ని. అంతకుముందు మధ్యాహ్నానికే లేచిపోయే దాన్ని, ఇప్పుడు దీపాలు పెట్టేదాకా కూర్చుంటున్నాను.

వీధి ఆడవాళ్లు పెట్టెను చూడటానికి వచ్చారు.

"మీ ఇంటాయన దినామూ అంటిస్తాడా? మావోడైతే ఫ్యాను స్విచ్చి గూడా ఎయ్యడు మే!"

"అట్లయితే మీవోనికే అంటించు. కదులుతాడేమో చూద్దాం," అన్నాను.

నవ్వారు. నేనూ నవ్వాను. నా మొగుడు మేలని నా నోటితో నేనే వీధంతా చాటాను. మూలన కూర్చున్న మా అత్త మాత్రం నవ్వలేదు. "గంగిరెద్దుకు గవ్వలు కట్టినట్ల కట్టినాడు నా కొడుకు," అంది. అసూయ అనుకున్నాను.

తర్వాత ఒకరోజు నాడె నా చేతిలోంచి జారింది. జారడం మామూలే, ఎత్తుకున్నాను. మళ్లీ జారింది. ఇంకోరోజు కాఫీ గ్లాసు జారింది. నొప్పి లేదు, కాబట్టి జబ్బూ లేదనుకున్నాను. ఆలోపు బిళ్లల జిగురు పోయింది. పెళ్లివాళ్ల చీర మగ్గం మీద ఉందని, తెగిన పోగులు అతుక్కోవాలని మా ఆయన రాలేదు. కొత్త బిళ్లల కోసం నేను ఒక్కదాన్నే అనంతపురం బస్సెక్కాను.

డాక్టరు గుర్తుపట్టాడు. పోట్లాడిన వాళ్లను ఎవరూ మరచిపోరు కదా.

"మగ్గం మానేసి ఎన్నాళ్లయిందమ్మా?"

"మానేదేంది సార్? ఇప్పుడే మగ్గం కాడినుంచి లేసొచ్చినా."

ఆయన పెన్ను కింద పెట్టాడు. తన రెండు వేళ్లు చాపి కుడి చేత్తో గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. "గట్టిగా," అన్నాడు. "గట్టిగానే పట్టుకున్నా సార్," అన్నాను. ఎడమ చేత్తో పట్టుకోమన్నాడు. ఆ తేడా ఆయన చెప్పక ముందే నాకు తెలిసిపోయింది.

"మీ ఆయనకు చెప్పాను కదమ్మా. మూడు నెలలు ఆ పని పూర్తిగా మానాలని, మెడకు వ్యాయామాలు చేయాలని. నరం నుంచి నొప్పి కబురు మెదడుకు పోతూ ఉంటుంది. ఈ కరెంటు దారిలో సందడి చేసి ఆ కబురును ఆపుతుంది, అంతే. నరాన్ని బాగుచేయదు. మీరు నొప్పి లేకుండా వ్యాయామం చేసుకోవడానికి ఇచ్చాను దాన్ని. పని చేసుకోవడానికి కాదు."

"నొప్పి ఎవరికి సార్?"

"అంటే?"

"భుజం నాది, నొప్పి నాది. చెప్పింది మా ఆయనకా? నరం నలిగింది మెడకాడ కదా, చెవుల్లో కాదే!"

"ఇంట్లో వాళ్లకు చెబితే చూసుకుంటారని..."

"చూసుకున్నారు సార్. శానా బాగా చూసుకున్నారు."

చేతిలో బలం తిరిగి వస్తుందా అని అడిగాను. కొంత రావచ్చు, ఎంతో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఈసారి మాత్రం నా ముఖం చూసి చెప్పాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు వైపులా వేరుశనగ ఎండి, ఆకు ముడుచుకుని ఉంది. నేను మా ఆయన చెప్పబోయే అబద్ధాలన్నీ ఒక్కొక్కటే ఊహించుకుంటూ, ఒక్కొక్కదానికీ జవాబు తయారు చేసుకున్నాను. మర్చిపోయినానంటాడు. డాక్టరు అంత గట్టిగా చెప్పలేదంటాడు. తనకు అర్థం కాలేదంటాడు. అన్నింటికీ నా దగ్గర మాట ఉంది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆయన మగ్గంలోనే ఉన్నాడు.

"వచ్చినావా? దా మే, అంచు నిలిచిపోయి ఉండాది."

"డాక్టరు మగ్గం మానమన్నాడంటనే?"

ఆయన చెయ్యి నాడె మీదే ఉంది. తల ఎత్తలేదు.

"అన్నాడు."

"నాకు చెప్పలేదేమి?"

"చెప్పింటే మానింటావు."

నేను తయారు చేసుకున్న జవాబుల్లో దీనికి ఒక్కటీ లేదు. అబద్ధం ఆడితే చీల్చి చెండాడే దాన్ని. నిజం చెప్పేసరికి నిలబడిపోయాను.

"మానకూడదా మరి?" అన్నాను.

"నువ్వు మానితే అంచు ఎవురు తీస్తారు? బయటోళ్లను పెట్టుకునే కాలమా ఇది? నొప్పి మాయమైపాయ అని వీధంతా చెప్పుకుంటివే! నొప్పి లేకుంటే ఇంగేమని నేనూ అనుకుంటి."

మూల నుంచి మా అత్త అందుకుంది. "నేను తీయలేదా ఇన్నేండ్లు? నాకెవురు పెట్టినారు పెట్టె?" అంటూ కుడి చెయ్యి ఎత్తింది. అది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ చెయ్యి అంతకు మించి లేవదని నాకు ఎప్పటినుంచో తెలుసు. వయసు అనుకున్నాను. ఆమె కూర్చున్నదీ ఆ కుడి పక్కనే అని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

"నీకు గూడా తెలుసునా అత్తా?"

"వాడు చెప్పినాడులే."

అంటే మా ఇంట్లో నా భుజం సంగతి తెలియని మనిషిని నేనొక్కదాన్నే. నొప్పి కబురును దారిలో ఆపడానికి నాకు పెట్టె కొనిచ్చారు. డాక్టరు కబురును ఆపడానికి పెట్టె కూడా అవసరం లేకపోయింది.

మగ్గం మానేశాను. అరిచాడు, అలిగాడు, చివరికి ఒకే నాడెతో నడిచే ఒంటి రంగు చీరలకు దిగాడు. వంటింట్లోంచి నాకు మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఇప్పటికీ మధ్యలో ఒక్క క్షణం తడబడుతుంది. అలవాటు కొద్దీ ఆయన కుడి వైపు చూస్తాడని నాకు తెలుసు. చూడనీ. నేను గోడకు ఆనుకుని మెడ వ్యాయామాలు చేసుకుంటాను. చెయ్యి ఎత్తితే నొప్పి పలుకుతుంది, పలకనిస్తాను. డాక్టరు దగ్గరికి వెళితే మా ఆయన్ని బయటే కూర్చోబెడతాను.

మగ్గం గురించి నాకు పెద్ద కోపం లేదు. కూడు పెట్టే మగ్గం ఆగిపోతుందన్న భయం నాకూ తెలుసు. ఆ మాట నా మొహాన చెప్పి ఉంటే, ఎడమ చేత్తోనో, రోజు మార్చి రోజో, ఏదో ఒకటి కలిసి వెతికేవాళ్లం. నా కోపం ఆ పొద్దుల మీద. అంత మెల్లగా తుడిచి, అంత పదిలంగా బిళ్లలు అంటించి "సాలా?" అన్న గొంతులో ఏముందో నాకు ఈనాటికీ తేలలేదు. ప్రేమ లేదని అనుకుందామంటే ఆ చేతులు గుర్తుకొస్తాయి. ఉందని అనుకుందామంటే నా చెయ్యి గుర్తుకొస్తుంది.

మొన్న ఆయన మగ్గం దిగి నడుము పట్టుకుని వచ్చాడు.

"మే, ఆ పెట్టె కొంచెం నడుముకు పెట్టవా? నాకు అందలేదు."

వీపు తిప్పి కూర్చున్నాడు. నేను గుడ్డ తడిపి తుడిచాను. బిళ్లలు అంటించాను. బటన్ నొక్కకముందు అన్నాను:

"ముందు పూర్తిగా విను. ఇది నొప్పిని తెలియనీదు, అంతే. నరాన్ని బాగుచెయ్యదు. నొప్పి లేదని పని చేస్తే..."

"తెలుసులే మే," అన్నాడు తల తిప్పకుండానే. "డాక్టరు నాకే కదా చెప్పినాడు."

బటన్ మీద కుడి బొటనవేలు పెట్టాను. నొక్కేంత బలం ఇంకా రాలేదు. పెట్టెను చెయ్యి మార్చుకుని ఎడమ చేత్తో నొక్కాను. సాలా అని మాత్రం అడగలేదు.